అన్నయ్య మిషన్ కాదండీ

ఆ ఆఫీసులో ఆయన్ని అందరూ జల్లెడగారు అంటారు. చాటుగా అనే మాటేం కాదు, మొహం మీదే అంటారు, ఆయనా పలుకుతారు. సగం జీవితం అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన మనిషి. ఆయన కంటబడకుండా తప్పనేది కాగితం దాటిపోయింది లేదని పేరు. కళ్లజోడు నెత్తిన పెట్టుకుని దానికోసం ఇల్లంతా గాలించే మాట నిజమే కానీ, ఆ సంగతి ఆఫీసువాళ్లకి తెలియదు.

అచ్చాఫీసు మూతపడ్డాక ఈ కొత్త కొలువులో చేరారు. చెప్పుల దుకాణం మీది అంతస్తు. మెట్లెక్కుతుంటే కొత్త తోలు వాసన, పైకి వచ్చాక వేడెక్కిన కంప్యూటర్ల వాసన. మామూలు రోజుల్లో పని పల్చగా ఉంటుంది. ఎన్నికలు వచ్చాయంటే మాత్రం టీ చల్లారిపోయేదాకా తాగడానికి తీరదు.

పని ఏమిటంటే, సోషల్ మీడియాలో మనుషుల్లా నటించే ఖాతాలను పట్టుకోవడం. వాటి వెనక మనిషి ఉండడు, ఒక ప్రోగ్రాం ఉంటుంది. ఎక్కడో ఒకడు కూర్చుని మీట నొక్కితే వెయ్యి నోళ్లు ఒక్కసారిగా ఫలానా ఆయన దేవుడనో, ఫలానా ఆయన దొంగనో అరుస్తాయి. చూసేవాడు పాపం ఊరు ఊరంతా అంటోంది కదా అని నమ్మి ఓటు వేసేస్తాడు. కాబట్టి ముందు కంప్యూటరు అనుమానం ఉన్న ఖాతాలను చూపిస్తుంది. ఆపైన ఇద్దరు మనుషులు, ఒకరినొకరు సంప్రదించుకోకుండా, ‘మనిషి’ అనో ‘మిషన్’ అనో తేల్చాలి. ఇద్దరూ మిషన్ అంటే ఆ ఖాతా మూతపడుతుంది.

తేల్చడానికి వాళ్లకొక పద్ధతి ఉంది. దాన్ని పక్కదారి ప్రశ్న అంటారు. ‘సాటి ఓటరు’ అనే ఆఫీసు ఖాతాలోంచి ఆ అనుమానపు ఖాతాకి ఉత్తరం పెడతారు. దేశం తలకిందులైపోతోందని ఊగిపోతున్నవాడిని మధ్యలో ఆపి, “ఇవాళ మీ ఇంట్లో ఏం వండారండీ?” అని అడుగుతారు. మనిషైతే పక్కదారి పడతాడు. “నీకెందుకురా” అని తిట్టినా మనిషే. పాతరకం మిషన్ అయితే వంట కన్నా దేశ భవిష్యత్తు ముఖ్యం అంటుంది. కొత్తరకం మిషన్లు వంటలు కూడా చెబుతున్నాయి గానీ, వాటి వంటలో ఉప్పు ఎక్కువ కాదు, అడుగంటదు. “మాడని వంట మిషన్ వంట” అని టీచరమ్మగారి సూత్రం. ఈ టీచరమ్మగారు బడిలో రిటైరై ఇక్కడ చేరారు. జల్లెడగారి పక్క బల్ల ఆవిడదే. ఖాతాలకు కూడా ఆవిడ పాస్, ఫెయిల్ అనే అంటారు. ఫెయిలైనవాటి మీద జాలి చూపిన దాఖలా లేదు.

ఈసారి ఎన్నికల వేడి ముదురుతున్న రోజుల్లో కంప్యూటరు ‘ప్రజా ప్రకటన’ అనే ఖాతాని ముందుకు తోసింది. ఇది మిషనే, ఇక చూడనక్కర్లేదు అన్నంత ధీమాగా తోసింది. ఫొటో ఉండవలసిన చోట ఉత్త ఆకాశం. పార్టీ భేదం లేకుండా అందరి పోస్టుల కిందా ఒకటే మాట: “ఓటర్లకు విజ్ఞప్తి. ఏ వార్తనైనా నమ్మే ముందు మీ ఇంట్లో తెలిసినవాళ్లను ఒకసారి అడగండి. దయచేసి గమనించగలరు.” అదే మాట మూడుసార్లు. కాసేపు విరామం. మళ్లీ మూడుసార్లు. పొద్దున్నుంచి దీపాలవేళ దాకా గడియారం పెట్టుకున్నట్టు ఇదే వరస. మధ్యాహ్నం భోజనాలయ్యాక మాత్రం కాసేపు చడీచప్పుడూ లేదు.

జల్లెడగారు తెర మీద వేలు పెట్టి ఆ మధ్యాహ్నపు ఖాళీని తడిమారు. ఆ కునుకు ఆయనకి తెలుసు. ఆ మూడుసార్లూ తెలుసు. ‘దయచేసి గమనించగలరు’ అనేటప్పుడు చివర కొద్దిగా కిందికి దిగే గొంతు కూడా తెలుసు. అది ఆయన అన్నయ్యది.

అన్నయ్య బస్టాండులో అనౌన్సరు. మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎన్నో ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో చెప్పడమే ఆయన జీవితం. ఇంట్లో కూడా అలాగే మాట్లాడేవాడు. “స్నానానికి నీళ్లు కాగినవి. స్నానానికి నీళ్లు కాగినవి. స్నానానికి నీళ్లు కాగినవి” అని పిలుస్తుంటే పిల్లలు తువ్వాళ్లతో వరసలో నిలబడేవారు. ఒకరోజు బస్టాండులో రికార్డు చేసిన ఆడగొంతు ఒకటి తెచ్చి పెట్టారు. అది దగ్గదు, సెలవు అడగదు. అన్నయ్యకి ఒక శాలువా కప్పి ఇంటికి పంపారు.

పోయిన ఎన్నికలప్పుడు ఇంటిల్లిపాదీ అన్నయ్య ఇంట్లో భోజనాలకి కూర్చున్న వేళ, ఆయన ఫోనులో చూసిన ఒక వార్తని బస్సు వచ్చినంత సంబరంగా ప్రకటించాడు. ఫలానా పార్టీ గెలిస్తే మిషన్లు తీసేసి పాత అనౌన్సర్లందరినీ వెనక్కి పిలుస్తారట! జల్లెడగారు అప్పుడే ఈ ఆఫీసులో చేరారు. కొత్త విద్య, చూపించుకోవాలని చెయ్యి దురద. ఫోను లాక్కుని, ఆ వార్త పెట్టిన ఖాతా మనిషిది కాదని అక్కడికక్కడే తేల్చేశారు. “అన్నయ్యా, నిన్నొక మిషన్ బుట్టలో వేసిందోయ్!” అన్నారు. అందరూ నవ్వారు. జల్లెడగారూ నవ్వారు. అన్నయ్య కంచం ముందునుంచి లేచిపోయాడు. ఆ లేవడం లేవడం, తమ్ముడితో మళ్లీ మాట్లాడలేదు.

మొదట్లో జల్లెడగారు ఆయనే పలకరిస్తాడులే అని బింకంగా ఉన్నారు. తరవాత తనే పలకరించాలనుకున్నారు. ఆ తరవాత, ఇన్నాళ్లూ పలకరించనివాడిని ఇప్పుడేం పలకరిస్తాంలే అని సిగ్గు పట్టుకుంది. మనసులో మాత్రం ఎప్పుడు బస్టాండు పక్కనుంచి వెళ్లినా చెవి అటే పోయేది. ఆడగొంతు వినబడగానే నడక వేగం పెరిగేది.

ఖాతా వెనక ఉన్నది తనకి తెలిసిన మనిషనే సంగతి పైవాళ్లకి చెప్పి, ఆ ఖాతాని ఇంకొకరికి అప్పగించాలి. ఆఫీసు నియమం అది. జల్లెడగారు నియమాన్ని తలుచుకున్నారు, అటూ ఇటూ చూశారు, పక్కదారి ప్రశ్న పెట్టేశారు.

జవాబు వెంటనే వచ్చింది. “బంగాళదుంపలండీ. అడుగంటింది. అంటిందని నేను అనలేదు, అంటే రేపట్నుంచి నేనే వండుకోవాలి. మీరు భోంచేశారా అండీ?”

మాడింది. టీచరమ్మగారి సూత్రం ప్రకారం కూడా మనిషే. ఆ ముక్క రాసి మూసేస్తే పని అయిపోయేది. కానీ జల్లెడగారు ‘మీరు భోంచేశారా అండీ’ దగ్గర ఆగిపోయారు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆ నోట ‘ఒరే’, ‘ఏరా’, ‘వెధవా’ తప్ప ఇంకోటి విని ఎరగరు. ఇప్పుడు మీరు, అండీ! మర్యాద అంత చేదుగా ఉంటుందని ఆయనకి అప్పుడే తెలిసింది. అయినా ఆ చేదు కూడా కావాలనిపించింది. “ఇప్పుడే తిన్నానండీ” అని రాశారు.

అలా మొదలైంది. రోజూ ఆఫీసుకి రాగానే ముందు ఆ ఖాతా తెరవడం, ఏదో ఒకటి అడగడం. అన్నయ్య విసుక్కోకుండా అన్నీ చెప్పేవాడు. మోకాలి నొప్పి, మేడ మీద చేరిన పావురాలు, పళ్లడాక్టరు చేసిన మోసం. ఎదురుగా కూర్చున్నప్పుడు అన్నయ్య తనతో ఎప్పుడైనా ఇన్ని మాటలు మాట్లాడాడా అని జల్లెడగారు గుర్తు చేసుకోబోయారు. గుర్తు రాలేదు.

ఇంట్లో భార్య కనిపెట్టింది.

“ఏమిటండీ, ఈ మధ్య మీలో మీరే నవ్వుకుంటున్నారు? ఎవరావిడ?”

“ఆవిడ కాదే, ఆయన.”

“హవ్వ! ఈ వయసులోనా?”

తప్పక సంగతంతా చెప్పారు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కుర్చీలో కూలబడింది. అన్నదమ్ములకి మాటల్లేకపోయినా తోడికోడళ్లిద్దరూ ఫోనులో రోజూ లోకాభిరామాయణం నడిపిస్తూనే ఉన్నారు మరి.

“అయితే అక్క చెప్పింది మీ గురించేనన్నమాట! బావగారికి ఫోనులో ఎవరో పెద్దమనిషి దొరికాడట. ఎంత మర్యాదస్థుడో, మా తమ్ముడిలా కాదు అని ఒకటే పొగడ్తలట.”

జల్లెడగారికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

“చెప్పెయ్యండి, పీడా పోతుంది,” అంది ఆవిడ.

“చెబితే మానేస్తాడే.”

“అన్నదమ్ములు మాట్లాడుకోడానికి ఆఫీసు కంప్యూటరు కావలసొచ్చింది. బావుంది సంబడం!”

“మీ అక్కతో అనకు.”

“నా నోట్లో నువ్వుగింజ నానదని తెలిసి నాతో ఎందుకు చెప్పారు?” అని సణిగింది గానీ, విచిత్రం, ఎవరితోనూ అనలేదు.

ఒకరోజు ధైర్యం చేసి జల్లెడగారు అసలు సంగతి కదిపారు. “ఇంట్లో తెలిసినవాళ్లని అడగండి అని రాస్తారు కదా. మీ ఇంట్లో తెలిసినవాళ్లు ఎవరండీ?”

చాలాసేపటికి జవాబు వచ్చింది. “మా తమ్ముడండీ. ఇప్పుడు అడుగుదామంటే లేడు.”

నన్ను చంపేశాడే అనుకుని జల్లెడగారు గుండె పట్టుకునేలోగా ఇంకో ముక్క వచ్చింది. “ఉన్నాడు లెండి, ఊళ్లోనే. మాటల్లేవు. వాడు చెప్పింది నిజమేనండీ, నేనే మోసపోయాను. కానీ పక్కకి పిలిచి చెప్పొచ్చు కదా. నలుగురితో కలిసి నవ్వాడు.”

జల్లెడగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అద్దాలకేం అంటలేదు. ‘అయితే వాడిని క్షమించేయండి’ అని రాసి చెరిపేశారు. ‘వాడూ బాధపడుతుంటాడు’ అని రాసి అదీ చెరిపేశారు. తన తరఫున తనే వకాల్తా పుచ్చుకోవడం మరీ సిగ్గుమాలిన పని అనిపించింది. చివరికి, “మోకాలు ఎలా ఉందండీ?” అని రాశారు.

ఇక్కడ ఇలా ఉంటే, అక్కడ టీచరమ్మగారు పక్కదారి ప్రశ్న కూడా పెట్టకుండా ఎప్పుడో ‘మిషన్’ అని తేల్చేసి కూర్చున్నారు. రెండో తీర్పు రాకపోవడంతో ఇన్‌చార్జి మేడమ్ స్వయంగా వచ్చింది. వయసులో జల్లెడగారి కూతురంత ఉంటుంది, ఆయన్ని ఎప్పుడూ నొప్పించదు.

“సార్, ఆ ప్రజా ప్రకటన ఏమైంది? పోలింగు వచ్చేస్తోంది.”

“చూస్తున్నానమ్మా. మనిషిలాగే ఉంది.”

“మనిషేంటండీ!” అన్నారు టీచరమ్మగారు పక్కనుంచి, సంప్రదించుకోకూడదన్న సంగతి మరిచిపోయి. “అన్నిటినీ అనుమానించండి అని ఊదరగొట్టేవే అన్నిటికన్నా ప్రమాదం. రేపు నిజం వార్త చెప్పినా ఎవరూ నమ్మకుండా పోతారు. పైగా అదే వాక్యం, అదే విరామం. మనిషన్నవాడు అన్నిసార్లు ఒకే మాట చెప్పగలడా?”

“మీరు ఎక్కాలు చెప్పలేదా టీచరమ్మగారూ?”

“నేను జీతానికి చెప్పాను.”

“సరే సార్, రేపు తేల్చెయ్యండి,” అని మేడమ్ వెళ్లిపోయింది.

మర్నాడు జల్లెడగారు కంప్యూటరు తెరిచేసరికి అన్నయ్య నుంచి ఉత్తరం కాచుకుని ఉంది.

“ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీరు మిషనా? రోజూ సరిగ్గా ఆఫీసులు తెరిచే వేళకే వస్తారు. సాయంత్రం మాయమవుతారు. నా గురించి అన్నీ అడుగుతారు, మీ గురించి ఒక్కటీ చెప్పరు. నేను ఎంత చెప్పినా మీకు విసుగు రాదు. మనుషులకి వస్తుంది, నాకు తెలుసు. ఇలా తీయగా మాట్లాడే మిషన్లుంటాయని మా తమ్ముడు అప్పుడే చెప్పాడు. రెండోసారి మోసపోయానంటే వాడికి మొహం చూపించలేను. మీరు మనిషైతే మనిషి మాత్రమే చెప్పగలిగేది ఏదైనా ఒకటి చెప్పండి. లేదంటే ఈ ఖాతా మూసేసి నా పని నేను చూసుకుంటాను.”

జల్లెడగారు ఆ ఉత్తరం ప్రూఫు చదివినట్టు అక్షరం అక్షరం చదివారు. ఎన్ని వేల ఖాతాలను ‘నువ్వు మనిషివేనా’ అని నిలదీసి ఉంటారో! తనని ఎవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో ఆయన ఎప్పుడూ ఆలోచించనూ లేదు. మా ఆవిడ వంట మాడ్చింది అని రాయొచ్చు. అది అన్నయ్య చెప్పిందే. నాకూ మోకాలు నొప్పి అని రాయొచ్చు. అదీ మిషన్ నేర్చుకోగలదు. సొంత విషయాలు ఏవీ చెప్పకూడదని ఆఫీసు నియమం. చెబితే అన్నయ్య మళ్లీ మాట్లాడతాడని నమ్మకం లేదు. చెప్పకపోతే మాట్లాడడని మాత్రం ఖాయం.

నియమాన్ని పక్కన పెట్టారు. రాశారు.

“మా చిన్నప్పుడు మా అన్నయ్య నీళ్లచెంబు మూతికి పెట్టుకుని పెరట్లో అనౌన్స్ చేసేవాడు. నేను బస్సుని. ఆయన పిలిచేదాకా గోడ పక్కనే ఆగి ఉండాలి. ఒకరోజు పిలవడం మరిచిపోయి అన్నానికి వెళ్లిపోయాడు. నేను కదల్లేదు. వాన వచ్చినా కదల్లేదు.”

పంపేశాక చెయ్యి మీట మీదే ఉండిపోయింది. అవతల చదివినట్టు తెర మీద టిక్కు పడింది. జవాబు రాలేదు. టీ వచ్చింది, చల్లారింది. కాసేపటికి తెర మీద ఒక వాక్యం కనబడింది: ఈ ఖాతాని సొంతదారు తొలగించారు.

టీచరమ్మగారు తన తెర మీద అదే చూసి చప్పట్లు కొట్టారు. “చూశారా! అడిగేసరికి తోక ముడిచింది. చివరిదాకా వదల్లేదు జల్లెడగారు, పట్టు అంటే అదీ!”

చుట్టుపక్కల బల్లలవాళ్లూ చప్పట్లు కలిపారు. మేడమ్ గాజు తలుపు తీసుకుని నవ్వుతూ వచ్చింది. “కంగ్రాచ్యులేషన్స్ సార్. మిషన్ అనే రాసేద్దామా?”

జల్లెడగారు లేచి నిలబడ్డారు. ఎందుకు నిలబడ్డారో ఆయనకే తెలియదు, బడిలో తప్పు చేసిన పిల్లాడిలా నిలబడ్డారు.

“అది మిషన్ కాదమ్మా. మా అన్నయ్య.”

ముందు అందరూ నవ్వారు. జోకు అనుకున్నారు. ఆయన మొహం చూసి ఒక్కొక్కరూ నవ్వు ఆపుకున్నారు. అందరికన్నా చివర ఆపింది టీచరమ్మగారు, ఆపాక అందరికన్నా ముందు మంచినీళ్ల సీసా అందించిందీ ఆవిడే. మేడమ్ గొంతు తగ్గించి, “నియమం తెలుసు కదా సార్,” అంది. తెలుసన్నారు. “ఇవాళ్టికి ఇంటికి వెళ్లండి. మిగతాది రేపు మాట్లాడదాం,” అంది.

ఆయన ఇంటికి వెళ్లలేదు. అన్నయ్య ఇంటికి వెళ్లారు.

తలుపు వదిన తీసింది. మరిదిని ఎగాదిగా చూసి, “ఆ పెద్దమనిషి తమరేనా?” అంది.

“ఎలా ఉన్నాడు వదినా?”

“పొద్దున్నుంచి ఫోను బోర్లా పెట్టి కూర్చున్నారు. తిండి లేదు, ‘వాడేనే వాడు’ అన్న మాట తప్ప పలుకు లేదు. పోండి లోపలికి, నన్ను మాత్రం మధ్యలోకి లాగకండి. మీ ఇద్దరి మధ్యా దూరిన మూడో మనిషి చాలు.”

అన్నయ్య కిటికీ వైపు మంచం మీద కూర్చుని ఉన్నాడు. జుట్టు బాగా పల్చబడింది. ఫోనులో అది తెలియలేదు. జల్లెడగారు ఎదురుగా కుర్చీలో అంచు మీద కూర్చున్నారు.

“ఎన్నాళ్లనుంచి తెలుసు?” అన్నాడు అన్నయ్య, గోడని అడిగినట్టు.

“మొదటి రోజునుంచి.”

“అంటే ఇన్నాళ్లూ నన్ను పరీక్ష చేశావన్నమాట.”

“లేదన్నయ్యా. పరీక్ష మొదటి రోజే అయిపోయింది. నువ్వు మనిషివని తేలిపోయింది.”

“మరి మిగతా రోజులు?”

“ఊరికే.”

“ఊరికే అంటే?”

“మాట్లాడాలనిపించి.”

వంటింట్లో కుళాయి చప్పుడు ఆగిపోయింది. మధ్యలోకి లాగొద్దన్న వదిన చెవులు మాత్రం మధ్యలోనే ఉన్నాయి.

“ఆరోజు నవ్వకుండా ఉండవలసింది,” అన్నారు జల్లెడగారు.

“సర్లే.”

ఆఫీసులో కూర్చుంటే పావురాల మీదే పేజీడు ప్రశ్నలు అడిగే మనిషి, ఇక్కడ ఏమడగాలో తోచక అరచేతులు చూసుకుంటున్నారు. రోజూ పంటి కథలు చెప్పిన మనిషి దుప్పటి అంచు సవరిస్తున్నాడు. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరికీ ఆ లేని మూడోవాడి మీదే బెంగగా ఉంది.

“ఆయన మంచివాడురా,” అన్నాడు అన్నయ్య చివరికి. “ఏం చెప్పినా వినేవాడు. నిన్న ఒక సంగతి చెబుదామనుకున్నాను. పొద్దున్న అడుగుదాం, మనిషే అని తేలితే చెబుదాం అనుకున్నాను. ఈలోగా ఆయన కాస్తా నువ్వైపోయావు.”

“నాకు చెప్పకూడదా?”

“నీకు చెప్పేది కాదు.”

జల్లెడగారు లేచి కుర్చీని తిప్పారు. అన్నయ్యకి వీపు చూపిస్తూ, తలుపు వైపు మొహం పెట్టి కూర్చున్నారు. ఎదురుగా తలుపు సందులో తొంగిచూస్తున్న వదిన ఉలిక్కిపడి తల వెనక్కి లాక్కుంది.

“ఏమిట్రా ఆ వేషాలు?”

జల్లెడగారు కుర్చీ ఇంకాస్త తలుపు వైపు జరుపుకున్నారు. ఉత్తరాలు రాసే సాటి ఓటరుకి మొహం ఉండదు కదా.

వెనక మంచం కిర్రుమంది. గొంతు సవరించుకున్న చప్పుడు. అన్నయ్య మైకు ముందు సవరించుకునే తీరు కాదు అది. ఏదో అడ్డం పడితే సవరించుకున్నట్టుంది. తిరిగి చూడాలని మెడ లాగేస్తోంది. జల్లెడగారు చూడలేదు.

“మొన్న బస్టాండుకి వెళ్లానండీ,” అన్నాడు అన్నయ్య, చాలా చిన్న గొంతుతో. “ఎవరికీ చెప్పకుండా వెళ్లాను.”

జల్లెడగారు కళ్లు మూసుకుని, కదలకుండా విన్నారు.